సాక్షి వచ్చిన బండి

ఉదయం ఏడూ యాభైకి మా ఆఫీసు గేటు ముందు తెల్ల పికప్ బండి ఒకటి ఆగింది. అందులో వింతేమీ లేదు. సౌదీలోని ఈ కసీమ్ ప్రాంతంలో ప్రతి తోటకూ అలాంటి బండి ఒకటి ఉంటుంది. వెనక గడ్డి మోపులో, ఎరువు బస్తాలో, ఖర్జూరం పెట్టెలో వేసుకుని తిరుగుతుంది. ఆ రోజు వెనక ఖాళీ. ముందు ఇద్దరు కూర్చున్నారు. బండి నడుపుతున్నది తోట ముషరిఫ్, అంటే పనివాళ్ళ మీద పెద్ద. పక్కన కూర్చున్నది గొర్రెల కాపరి. ఆ కాపరి మా సాక్షి. చెప్పిన వేళకన్నా ముందే వచ్చాడని అన్న సంతోషించాడు.

అన్న నాకు సొంత అన్న కాదు. నా పైన పనిచేసిన మనిషి. నిజామాబాద్ వైపు నుంచి వచ్చాడు. నాది నంద్యాల. ఇద్దరి ఇళ్ళలోనూ ఉర్దూయే, కానీ ఆఫీసులో మేము తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం. ఉర్దూలో మాట్లాడితే టీ ఇచ్చేవాడి దగ్గర్నుంచి డ్రైవర్ దాకా అందరికీ అర్థమవుతుంది. తెలుగు మా ఇద్దరిదే. ఆయన పోయిన నెల కాలం చేశాడు. బురైదాలోనే మట్టి ఇచ్చాం. అందుకే ఇది రాస్తున్నాను. ఇప్పుడు ఇలాంటి పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు, ఆ ఉద్యోగంలో మీరు ఏం చేసేవారని నన్ను అడుగుతుంటారు. నాకు తెలిసిన జవాబు ఈ ఒక్క సంగతే.

మా ఆఫీసు ప్రాసిక్యూటర్ ఆఫీసు. ఇక్కడ నియాబా అంటారు. ఏ ఊళ్ళోదో చెప్పను. అమెరికాలో ఒక మనిషి మీద కేసు పెట్టవచ్చా లేదా అని తేల్చడానికి మామూలు జనంలోంచి కొందరిని పిలిచి కూర్చోబెడతారట. వాళ్ళ ముందుకు సాక్షులను వేళకు, వరుసలో పంపడానికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగి ఉంటాడట. మా దగ్గర ఆ జనం ఉండరు. వాళ్ళ స్థానంలో విచారణ చేసే అధికారి ఒక్కడే ఉంటాడు. తక్కిన పని అదే. ఎవరు రావాలో వాళ్ళకు కబురు చేయాలి. వచ్చినవాళ్ళను విడివిడిగా కూర్చోబెట్టాలి. అరబీ రానివాళ్ళ మాటను అరబీలో చెప్పాలి. కబురు చేయడం అన్న పని. మాట చెప్పడం నా పని.

కబురు చేయడం చిన్న పనిలా కనిపిస్తుంది. తోటల్లో పనిచేసేవాళ్ళకు ఊళ్ళో దారులు తెలియవు. బండి ఉండదు. టాక్సీ అంత దూరం రాదు. నేను చేరిన కొత్తలో ఒక సాక్షి మధ్యాహ్నం దాకా ఆసుపత్రిలో కూర్చుని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర గార్డు, లోపల వరుసగా కుర్చీలు కనిపించేసరికి అదే మా ఆఫీసు అనుకున్నాడు. వాళ్ళు బీపీ కూడా చూసి పంపారట. అలాంటివి జరిగి జరిగి, అన్న ఒక పద్ధతి పెట్టాడు. సాక్షికి కాకుండా అతని కఫీల్‌కో, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానికో, తోట ముషరిఫ్‌కో ఫోన్ చేసేవాడు. "మీ మనిషి ఫలానా రోజు కావాలి, తీసుకురండి" అనేవాడు. వాళ్ళు తెచ్చేవాళ్ళు. అప్పటి నుంచి మా దగ్గర సాక్షి రాలేదని విచారణ వాయిదా పడటం దాదాపు ఆగిపోయింది. పై అధికారులు వచ్చినప్పుడు ఆ మాట ప్రత్యేకంగా చెప్పేవాళ్ళు. అన్న పైకి ఏమీ అనేవాడు కాదు. ఆ రోజు మాత్రం టీలో చక్కెర ఇంకొంచెం వేసుకునేవాడు.

కేసు ఇది. ఖర్జూరం కోత కాలంలో ఒక పనివాడు చెట్టు మీద నుంచి పడి చనిపోయాడు. బంగ్లాదేశ్ మనిషి. చెట్టు ఎక్కేవాళ్ళు నడుముకూ చెట్టుకూ కలిపి ఒక తాడు కట్టుకుంటారు. బరువంతా దాని మీదే వేసి వెనక్కి వాలి, రెండు చేతులతో గెల కోస్తారు. ఆ తాడు తెగింది. తాళ్ళు ఇచ్చే స్టోరు మనిషి జగిత్యాల వాడు. మంచి తాళ్ళు ఉండగా అతనే పాతవి ఇచ్చాడని ముషరిఫ్ చెప్పాడు. స్టోరు మనిషిని లోపల పెట్టారు.

అతని మాట నేనే అరబీలో చెప్పాను.

"తాళ్ళు పాడైనయని నేను చెప్పిన సార్. కొత్తయి తెప్పియ్యమన్న. ఈ కోతకు ఇవే నడిపియ్యి, వచ్చే కోతకు చూద్దమన్నడు ముషరిఫు. మంచి తాళ్ళు స్టోర్ల యాడున్నయి సార్, అవి తర్వాత దెచ్చి పెట్టిన్రు."

"ఆ మాట అన్నప్పుడు ఎవరైనా ఉన్నారా?" అని అధికారి అడిగాడు.

"గొర్లాయన ఉండె. గడ్డికొచ్చిండు. ఆయన్ని అడగున్రి."

తోటలో ఇంకెవరూ ఆ మాట వినలేదు. ఆ వారం చివర ఫైలు కోర్టుకు పోవాలి. గొర్రెల కాపరి విన్నానంటే స్టోరు మనిషి బయటపడతాడు. వినలేదంటే, ఒక ప్రాణం పోవడానికి కారణం అతనే అన్న మాట కాగితం మీద నిలిచిపోతుంది. అధికారి కాపరిని పిలవమన్నాడు. అన్న ఎప్పటిలాగే ఫైల్లో ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. ఆ నంబరు ముషరిఫ్‌ది.

ఇప్పుడు చదివేవాళ్ళకు ఇది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. అప్పుడు కనిపించలేదు. ముషరిఫ్ అప్పటికి నిందితుడు కాడు. తన వాంగ్మూలం ఇచ్చి వెళ్ళిన ఒక సాక్షి, అంతే. పైగా మర్యాదస్తుడు. ఆ రోజు కూడా ఫ్లాస్కులో గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, డబ్బాలో ఖర్జూరాలు తెచ్చాడు. వెయిటింగ్ గదిలో కాపరికి తానే పోసి ఇచ్చాడు. మాకూ ఇచ్చాడు. మేమూ తాగాం.

కాపరి వయసు మళ్ళిన మనిషి. ఒంటి మీద ఉతికిన చొక్కా ఉంది గాని గొర్రెల వాసన పోలేదు. నేను తెలుగులో పలకరించేసరికి ముఖం విప్పారింది.

"యా ఊరు పెద్దాయనా?"

"రాయచోటి పక్క సామీ. నువ్వూ మనోడివేనా? నన్ను ఈడ శానాసేపు పెట్టుకుంటారా? జీవాల్ని పక్క మందోడికి అప్పజెప్పి వచ్చినా. వాని జీవాలే వానికి నిలవవు."

"ఎక్కువసేపు పట్టదు. అడిగినదానికి జవాబు చెప్పడమే."

ముషరిఫ్ ఫోన్ వచ్చి బయటికి వెళ్ళాడు. కాపరి తలుపు వైపు చూసి, కొంచెం గొంతు తగ్గించాడు.

"అయిపోయినాక నేనెట్ల పోవల్ల సామీ?"

అన్న పక్క బల్ల దగ్గర్నుంచే జవాబిచ్చాడు. "ఎట్ల పోవుడేంది పెద్దమనిషీ, వచ్చిన బండ్లనే పోతవ్. నీకేం రంది?"

"అంతే లే," అన్నాడు కాపరి. గహ్వా కప్పు కింద పెట్టి నా వెనకాలే లోపలికి వచ్చాడు.

అధికారి అడిగాడు. నేను తెలుగులో అడిగాను. కాపరి నేల చూస్తూ చెప్పాడు.

"గడ్డికి పోయినా. గడ్డి ఎత్తుకొని వచ్చినా. వాళ్ళు ఏం మాట్లాడుకున్యారో నేను ఇనలేదు."

మళ్ళీ అడిగినా అదే. నేను ఆ మాట ఉన్నదున్నట్టు అరబీలో చెప్పాను. వేలిముద్ర తీసుకున్నారు. తెల్ల పికప్ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మేము టిఫిన్ డబ్బాలు తెరిచాం. అన్న అన్నంలో పప్పు కలుపుతూ చెయ్యి ఆపేశాడు.

"తమ్మీ, ఆ ముసలాయన ఏమడిగిండు?"

"ఎప్పుడన్నా?"

"లోపలికి పోకముందు."

"తిరిగి ఎట్లా పోవాలని అడిగాడు. అందరూ అడిగేదే కదా."

"అందరడుగుతరు. బయటికొచ్చినంక అడుగుతరు. ఈయన లోపలికి పోకముందే అడిగిండు."

నాకు వెంటనే తట్టలేదు. తట్టాక తినబుద్ధి కాలేదు. ఆ గదిలో ఏం చెప్పాలో ఆయన అక్కడే, మా ముందే తేల్చుకున్నాడు. అరబీ రాక, దారి తెలియక, చట్టం తెలియక కాదు. తాను ఎవరి పక్కన కూర్చుని గంట సేపు తిరుగు ప్రయాణం చేయాలో ముందు తెలుసుకుని తేల్చుకున్నాడు. జవాబు మేమే ఇచ్చాం.

అన్న డబ్బా మూసేశాడు. "తోలుకరమ్మన్నది నేను. తోలుకొచ్చెటోడు ఎవడో చూస్కోలేదు," అన్నాడు. చేయి కడుక్కుని అధికారి గదిలోకి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు.

అధికారి చిన్నవాడే. మాట తక్కువ. అన్న చెప్పిందంతా విన్నాడు.

"వాంగ్మూలం అయిపోయింది. సాక్షి తాను వినలేదన్నాడు. మళ్ళీ పిలవడానికి కారణం ఏమని రాయను?"

"అతను వచ్చిన తీరు సరికాదని రాయండి. ఎవరి గురించి అడుగుతున్నామో ఆ మనిషే అతన్ని తెచ్చాడు. తెమ్మన్నది నేను."

"వింటే విన్నానని చెప్పేవాడు."

"చెప్పి ఉండొచ్చు. చెప్పకపోయి ఉండొచ్చు. అడిగే పద్ధతిలో అడిగితే తెలుస్తుంది."

అధికారి ఫైలు మొదటి నుంచి తిరగేశాడు.  ఆపైన తోట యజమానికి తానే ఫోన్ చేశాడు. మీ గొర్రెల మనిషి మరోసారి కావాలి, మా వాళ్ళే వచ్చి తీసుకుపోతారు అని చెప్పాడు. ఫోన్ పెట్టాక అన్న వైపు చూశాడు.

"పోలీసు బండి పంపితే ఆయన్ని పట్టుకుపోయారని తోటంతా అనుకుంటుంది. ఆఫీసు బండి ఈ వారం లేదు. నీ బండిలో తేవడం పద్ధతి కాదు."

"తెలుసు."

"మాట వస్తుంది."

"తెలుసు."

"దారిలో కేసు గురించి ఒక్క మాట రాకూడదు."

అనుమతి ఇచ్చాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అన్న అది అనుమతిగానే తీసుకున్నాడు.

మర్నాడు అన్న పాత కారులో ఇద్దరం వెళ్ళాం. తోట గేటు దగ్గర ముషరిఫ్ నిలబడి ఉన్నాడు. సలాము చెప్పి, చేతులు కలిపి, ఎప్పటిలాగే నవ్వాడు.

"ఇంత దూరం మీకెందుకు శ్రమ? నేనే తెచ్చేవాడిని కదా."

"నిన్న నీకు శ్రమ ఇచ్చాం. ఇవాళ మా వంతు," అన్నాడు అన్న.

కాపరి కారు వెనక సీట్లో కూర్చున్నాడు. బెదిరిపోయి ఉన్నాడు. కారు తార్రోడ్డు ఎక్కాక అన్న అద్దంలో ఆయన్ని చూస్తూ అన్నాడు.

"పెద్దమనిషీ, ఒక్క మాట చెప్త. తిరిగి పోయెటప్పుడు నేనే దింపుత. యాడ దింపాల్నో నువ్వు చెప్పు. యాడికంటె ఆడికి. ఇగ నేనేం మాట్లాడ."

 రెండు పక్కలా తోటలు అయిపోయి ఖాళీ నేల వచ్చింది.

"యాడికన్నా దింపుతావా?"

"దింపుత."

"పెద్ద కఫీల్ ఇంట్లో ముసలామె ఉంటాది. కఫీల్ వాళ్ళమ్మ. జీవాలన్నీ ఆమెవే. శుక్రారం శుక్రారం వచ్చి ఒక్కోదాన్నీ తడిమి చూసి పోతాది. నన్ను ఆమె కాడ దింపు. ఆమెకు ఒక మాట చెప్పుకుంటే సాలు. ఆనక ముషరిఫు నన్నేం జేయలేడు."

"సరే."

అంతటితో ఆ సంగతి అయిపోయింది. ఇంకా చాలా దారి ఉంది. కేసు తప్ప వేరే మాట కావాలి. నాకేమీ తోచక, జీవాలెట్లున్నాయని అడిగాను. ఆయనకు మాట వచ్చేసింది. ఒక గొర్రె రెండు పిల్లల్ని ఈని, ఒకదాన్ని దగ్గరికి రానివ్వడం లేదట. తంతోందట. దాని కాళ్ళు పట్టుకుని రెండో పిల్లకు పాలు తాపాలట. నిన్న తాను ఆఫీసుకు వచ్చిన పూట ఆ పిల్ల పస్తు ఉందట.

"నిన్న నన్ను ఊరికే పిల్చినారు. ఈపొద్దూ పిలిస్తిరి. అది సస్తే ఆ పాపం మీదే," అన్నాడు.

"ఉప్పు రుద్ది సూడరాదు?" అన్నాడు అన్న. "మా దిక్కు పిల్ల మీద ఉప్పు రుద్దుతరు. తల్లి నాకుతది."

"నువ్వు గొర్రెల కాసినావా సామీ?"

"మా తాత."

"మరి ఈ ఉద్యోగంలో ఎట్ల పడినావు?"

ఆ ప్రశ్నకు అన్న నవ్వాడు. ఆ రెండు రోజుల్లో ఆయన నవ్వగా అప్పుడే చూశాను.

విచారణ గదిలో అధికారి మొదట అడిగింది కేసు కాదు. దారిలో వీళ్ళిద్దరూ నీతో ఏం మాట్లాడారని అడిగాడు. కాపరి చెప్పాడు. గొర్రె దగ్గర మొదలుపెట్టి ఉప్పు దాకా, అన్న తాత దాకా చెప్పాడు. నేను అనువదిస్తుంటే అధికారి ఆపమంటాడేమోనని చూశాను. ఆపలేదు. అంతా రాయించాడు. ఒక మనిషి చావు మీద నడుస్తున్న ఫైల్లో, తల్లి రానివ్వని గొర్రెపిల్ల గురించి అర పేజీ ఉంది. తిరిగి ఎక్కడ దించాలో నువ్వే చెప్పమన్నారన్న మాట కూడా అందులోనే ఉంది.

తర్వాత అసలు ప్రశ్న వేశాడు. కాపరి ఈసారి నేల చూడలేదు.

"ఇన్నా. తాళ్ళు నాసిగా ఉండాయని ఈ స్టోరాయన చెప్పినాడు. ఈ కోతకు ఇవే కానీ, వచ్చే కోతకు చూద్దాంలే అన్న్యాడు ముషరిఫు. నేను గడ్డి మోపు భుజాన పెట్టుకొని ఆడనే ఉన్నా."

"నిన్న వినలేదన్నావు."

"నిన్న పొయ్యేది ఆయన బండిలో గదా."

 అధికారి ఆ మాట కూడా రాయించాడు.

చెప్పినట్టే కాపరిని యజమాని ఇంటి దగ్గర దించాం. ముసలామె గుమ్మం దాకా వచ్చింది. మమ్మల్ని ఎవరని అడగలేదు. కాపరిని చూసి, అన్నం తిన్నావా అని అడిగింది. ఆ తర్వాత, ఆ చిన్న పిల్లకు పాలు ఎవరు తాపుతున్నారని అడిగింది. కాపరి తనకు వచ్చిన ముక్కల అరబీలో ఏదో చెప్పుకున్నాడు. ఆమె వింటూ తల ఊపింది. "ఇతను నా మనిషి. తోటకు నేనే పంపిస్తాను," అని మాతో అంది.

స్టోరు మనిషి బయటికి వచ్చాడు. కొన్నాళ్ళకు ఎగ్జిట్ వీసా మీద ఊరికి పోయాడని విన్నాం. మమ్మల్ని కలవలేదు. కలవాల్సిన పనీ లేదు. చనిపోయిన మనిషి అన్నో తమ్ముడో జుబైల్ నుంచి వచ్చి శవాన్ని తీసుకుపోయాడు. అతను ఎవరినీ ఏమీ అడగలేదు. కాగితాల మీద సంతకాలు పెట్టి, ఆఫీసు మెట్ల మీద కాసేపు కూర్చుని వెళ్ళాడు.

ముషరిఫ్ మీద విచారణ మొదలైంది. అతను మా మీద ఫిర్యాదు పెట్టాడు. ఆఫీసు మనుషులు సాక్షిని సొంత బండిలో ఎక్కించుకుని, గంట సేపు చెప్పి చెప్పి, మాట మార్పించారని రాశాడు. నాకు కోపం వచ్చింది. అన్నకు రాలేదు.

"వాడన్నదాంట్ల తప్పేముంది తమ్మీ? వాని బండ్ల గంట కూసుంటె మనకు అనుమానం రాలే? మన బండ్ల గంట కూసుంటె వానికి రాదా?"

"మనం ఏమీ చెప్పలేదు కదా."

"చెప్పలేదని నీకెర్క, నాకెర్క. బయటోనికెట్ల తెలుస్తది?"

గొర్రెపిల్ల మమ్మల్ని కాపాడింది. దారిలో నడిచిన మాటంతా ఫైల్లో ఉండటంతో ఫిర్యాదు నిలవలేదు. కానీ సొంత బండి వాడినందుకు అన్నకు హెచ్చరిక వచ్చింది. ఫోన్ల పని నాకు ఇచ్చి, ఆయన్ని లోపల పాత ఫైళ్ళ గదికి మార్చారు. ఆ గదికి కిటికీ లేదు. ఆయన ఎవరికీ అర్జీ పెట్టుకోలేదు. రోజూ పొద్దున సాక్షులు వచ్చే వేళకు మాత్రం టీ కప్పు పట్టుకుని బయటికి వచ్చేవాడు. గేటు దగ్గర నిలబడి, ఎవరు ఏ బండిలోంచి దిగుతున్నారో చూసేవాడు. గార్డు నవ్వేవాడు. "ఏం హాజీ, బండ్లు కొంటావా?" అని అడిగేవాడు. "బేరం కుదరట్లే," అనేవాడు అన్న.

అధికారి ఆ కేసు ముగిశాక పైవాళ్ళకు ఒక చిన్న నోటు రాశాడు. సాక్షుల కోసం ఆఫీసు తరఫున వ్యాన్ పెట్టారు. దాని డ్రైవర్‌కు కేసులేమిటో తెలియవు. సాక్షి ఎక్కగానే, తిరిగి ఎక్కడ దిగుతావని అతను అడగాలి. ఆ ప్రశ్న అన్నదే. నోటులో ఆయన పేరు లేదు. ఇప్పుడు దూరపువాళ్ళ మాట వీడియో తెర మీదే వింటున్నారు. అది మంచిదే. అయినా తెర ముందు కూర్చున్న మనిషి పక్కన, తెరకు కనపడకుండా ఎవరు నిలబడి ఉన్నారో అడగమని కొత్తవాళ్ళకు చెబుతుంటాను. వాళ్ళు నన్ను చాదస్తపు మనిషి అనుకుంటారు. అనుకోనివ్వండి.

పోయిన నెల అన్న జనాజాకు ఆఫీసు నుంచి కొందరు వచ్చారు. ఆ అధికారి కూడా వచ్చాడు. ఇప్పుడు పెద్ద పదవిలో ఉన్నాడు. అన్న కొడుకులు నిజామాబాద్ నుంచి ఫోన్‌లో చూశారు. ఫోన్ నేను పట్టుకున్నాను. మట్టి వేయడం అయ్యాక ఒక్కొక్కరే కార్లెక్కి వెళ్ళిపోయారు. నన్ను అక్కడికి తెచ్చినవాళ్ళు ముందే వెళ్ళినట్టున్నారు. అధికారి నా దగ్గరికి వచ్చి, "నువ్వెట్లా పోతావు?" అని అడిగాడు. నన్ను తన కారు ఎక్కమన్నాడు.  నేను చెప్పిన చోట దించి వెళ్ళాడు.

మా ఆఫీసులో సాక్షిని వెంటబెట్టుకు రమ్మని ఇప్పుడు ఏ ముషరిఫ్‌కూ ఫోన్ చేయరు.